చేద బాయికి చేతి బోరింగు: ఇప్పటిదాక అయిన పని

మాది నర్సంపేట దిక్కు ఊరు. ఇంటెనక చేద బాయి ఉంది, లోతు 36 ఫీట్లు, ఇప్పుడు నీళ్లు 27 ఫీట్ల కింద ఉన్నయ్. మోటరు ఉంది గాని కరెంటు పోయినప్పుడల్లా అమ్మ గిరక మీద చేదుకుంటది, రెండేండ్ల సంది ఆమెకు కుడి భుజం నొప్పి, చెయ్యి పైకి లేస్తలేదు. అది చూడలేకనే ఈ పని మొదలుపెట్టిన.

పైన బిగించే చిన్న బోరింగు తెచ్చుకోరాదు అని అందరు అన్నరు. అది మా బాయికి పనికిరాదు. పైపుల గాలిని గుంజేస్తే బయటి గాలి బరువు నీళ్లను పైకి నెడుతది, ఆ బరువు లెక్క ప్రకారం 34 ఫీట్లకు మించి లేపలేదు, వాల్వుల లీకులు అన్ని పోను అసలు పనిల 23 ఫీట్ల కాడనే ఆగుతది. చిన్నప్పుడు ఎండాకాలం రాంగనే చెంబెడు నీళ్లు పోసి ఎంత కొట్టినా బోరింగు ఎందుకు రాకపోతుండెనో నాకు ఇప్పుడు సమజైంది.

కాబట్టి పిస్టన్ నీళ్లల్లనే ఉండాలె. ఊళ్లల్ల కనపడే సర్కారు చేతి బోరింగు ఇండియా మార్క్ 2 గూడ గట్లనే, సిలిండరు కింద ఉంటది, కాని వాషరు మార్చాలంటే పైపులన్నీ బయటికి గుంజాలె. దాని తర్వాతి రకం మార్క్ 3ల పిస్టన్‌ను పైపులకెళ్లే పైకి తియ్యొచ్చు, నేను ఆ పద్ధతే పట్టిన, పైనుంచి కిందిదాక ఒక్కటే సైజు పీవీసీ పైపు.

సైజు కాడ మస్తు ఆలోచించిన. 63 ఎంఎం పైపైతే హ్యాండిలు ఒక్కో దెబ్బకు నీళ్లు బాగనే వస్తయ్ గాని పిస్టన్ మీద 25 కిలోల నీళ్ల బరువు పడుతది, అమ్మతోని కాదు. 40 ఎంఎంల 10 కిలోలే. 8 ఎంఎం రాడు బరువు ఇంకో 4 కిలోలు. తుమ్మకట్టె హ్యాండిలు ఒక దిక్కు 1 ఫీటు, చేతి దిక్కు 4 ఫీట్లు పెట్టిన, అంటే చేతికి మూడున్నర కిలోల చిల్లర, రాపిడి వేరే.

పైపు అడుగున నీళ్లు తిరిగి బాయిలకు జారకుండ ఆపే ఫుట్ వాల్వుకు పెద్ద గాజు గోలి, 40 ఎంఎం నుంచి 20 ఎంఎంకు సన్నబడే రెడ్యూసరు మీద కూసుంటది. గ్రైండింగ్ పేస్టు పెట్టి గంట సేపు గోలిని తిప్పి తిప్పి అరగదీసిన, చుట్టూ సన్నగ తెల్ల గీత పడ్డంక నీళ్లు పోస్తే చుక్క కారలే. పిస్టన్ లేతుల చేయించిన నైలాన్ ముక్క, నాలుగు బెజ్జాలు, వాటి మీద ట్రాక్టరు ట్యూబు ముక్క మూత. పిస్టన్ చుట్టూ సందు మూసే బకెట్ వాషరు కోసం మందపు తోలు కొని, రాత్రంత నీళ్లల్ల నానవెట్టి పైపు ముక్కల బిగించి గిన్నె లెక్క చేసి, ఎండినంక ఆముదం పట్టించిన. కోసిన ప్రతి పైపు లోపలి అంచు ఆకురాయితోని రుద్దాలె, లేకుంటే పిస్టన్ దిగేటప్పుడు తోలు చీరుకపోతది.

మొదటిసారి దించిన రోజు నా తొందర వల్ల పని చెడ్డది. పైపులు అతికే సొల్యూషన్ పెట్టి గంట గూడ ఆగలే, దించుతుంటే మూడో జాయింటు ఊడి కింది ముక్క బాయిల పడ్డది. చేద పడితే తీసే గాలం వేసి రెండు గంటలు గెలికినంక చిక్కింది. ఒక రోజు మొత్తం ఆరనిచ్చి మళ్ల దించిన.

రెండోసారి ఇంకో చిక్కు. హ్యాండిలుకు రాడుకు నడుమ సైకిల్ చైన్ కట్టిన, రాడు వంకర పోకుండ ఉంటదని. చైన్ పైకి గుంజుతది గాని కిందికి నెట్టలేదు గద, తోలు టైటుగ ఉండి రాడు సగంల ఆగిపోయింది. వాషరు అంచు బ్లేడుతోని ఇంత సన్నగ చెక్కి, రాడుకు 3 కిలోల ఇనుప ముక్క కట్టంగనే దానంతటదే దిగింది.

నిన్న కొలిచి చూసిన. స్ట్రోకు, అంటే ఒక్క దెబ్బకు పిస్టన్ లేచే ఎత్తు, 30 సెంటీమీటర్లు, లెక్కకు దెబ్బకు 300 మిల్లీలీటర్లు రావాలె, 20 లీటర్ల పెయింటు బకెట్ 67 దెబ్బలకు నిండాలె. 76 పట్టినయ్. నాకైతే ఇది మంచిదే. పొద్దున మాత్రం తొమ్మిదో దెబ్బకు నీళ్లు వచ్చినయ్, అంటే రాత్రంత గోలి కాడ కొంచెం కారుతుంది, ఈ ఆదివారం పైపులు తీసి మళ్ల అరగదీస్తా. ఫుట్ వాల్వు 34 ఫీట్ల కాడ ఉంది కాబట్టి మే నెలల నీళ్లు ఇంకింత దిగినా అందుతయ్.

అమ్మ ఎడమ చేత్తోని ఒక బకెట్ కొట్టి బర్రెకు పోసింది. "హ్యాండిలు జానెడు కిందికి పెట్టు బిడ్డా, భుజం పైకి పోతుంది" అన్నది. రేపు ఆ పని.