జమ్మికుంటలో జనగణమన, పరకాలలో జెండా

కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో పొద్దున ఎనిమిది కావస్తుంటే ఊరంతా ఒక్కసారి ఆగుతుందని మీలో చాలామంది వినే ఉంటారు. 2017 ఆగస్టు 15న అక్కడి పోలీసులు మైకులు పెట్టించి రోజూ జనగణమన వేయడం మొదలుపెట్టారు. దాని మీద హైదరాబాద్‌లో మా స్నేహితుల మధ్య పెద్ద గొడవే అయింది. ఇవాళ నిలబడమంటారు, రేపు నిలబడనివాడెవడో వెతుకుతారు, ఎల్లుండి వాడిది ఏ దేశమని అడుగుతారు అని ఒకడన్నాడు. సొంత దేశం పాటకు లేచి నిలబడినా తప్పేనా, పండుగ చేసుకున్న ప్రతివాడూ పరాయివాణ్ణి ద్వేషించేవాడేనా అని ఇంకొకడు గట్టిగా తగులుకున్నాడు. నాకు ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పలేదు. జమ్మికుంటలో మా చిన్నమ్మ వాళ్లుంటారు, కాజీపేట మీదుగా కాగజ్‌నగర్ వైపు పోయే రైలెక్కి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే చౌరస్తా దగ్గర చాయ్ హోటల్ ముందు నిలబడ్డాను. పాట మొదలవగానే స్కూటర్లు ఆగాయి, పత్తి ట్రాలీ ఒకటి ఇంజన్ ఆపేసింది, బడికి పోయే పిల్లలు బ్యాగులతోనే నిటారుగా నిలబడ్డారు. 52 సెకన్లు, అంతే. నిజం చెప్తున్నా, ఒళ్లు జలదరించింది. ఎవరూ కర్ర పట్టుకొని నిలబెట్టలేదు, ఎవరి మొహంలోనూ భయం కనిపించలేదు. రైస్ మిల్లుల్లో పనికొచ్చిన బీహార్ కుర్రాళ్లు నలుగురైదుగురు కూడా మా పక్కనే నిలబడ్డారు, వాళ్లలో ఒకరిద్దరు మెల్లగా పాడారు కూడా.

అసలు విషయం పాట అయిపోయాక జరిగింది. ఆ మిల్లు కుర్రాళ్లతో ఉన్న ఒకతను ఫోన్‌లో బెంగాలీలో మాట్లాడుతుంటే, బైక్ మీద కూర్చున్న ఓ యువకుడు "ఏ దేశమోడివిరా నువ్వు, ఆధార్ తియ్" అన్నాడు. కుర్రాడు బిత్తరపోయి జేబులు తడుముకుంటున్నాడు. అప్పుడు బెంచీ మీద ఉన్న ఓ పెద్దాయన లేచి, "వాడు నీకంటె ముందే నిలవడ్డడు తమ్మీ, నేను చూసిన. ఆధార్ అడగనీకె నువ్వెవ్వనివి?" అని గద్దించాడు. బైక్ అబ్బాయి ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ పెద్దాయన పక్కన కూర్చుని ఇంకో చాయ్ చెప్పాను. కాకా చాలా ఏళ్లు షార్జాలో మేస్త్రీ పని చేసి వచ్చాడట. ఈ కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతకాలి. డిసెంబర్ 2 అక్కడి యూఏఈ జాతీయ దినం, కార్లకు జెండాలు చుట్టి రాత్రంతా తిరుగుతారని చెప్పాడు. "ఆ దినం కంపెనీల మాకు బిర్యానీ పెట్టేటోళ్లు. వాళ్ల జెండ పట్టుకొని నేను గూడ ఫొటో దిగిన, నాకేం తక్కువ కాలే బిడ్డా. మామూలు దినాలల్ల బస్సుల పక్కన కూసుంటె మూతి ముడుచుకొని లేచిపోయేటోళ్లు ఉండె సూడు, అది నొచ్చేది."

మా స్నేహితుల గొడవలో ఎవరికీ తట్టని మాట ఇది. జెండా పండుగ ద్వేషాన్ని పుట్టించదు, ముందే మనసులో ఉన్న ద్వేషానికి అది ఒక వేదిక కావచ్చు, కాకపోవచ్చు, అది మన చేతుల్లో ఉంది. ఈ పాట రాసిన ఠాగూరే 1916-17లో జపాన్, అమెరికాల్లో తిరిగి జాతీయవాదం మనిషిని మింగేస్తుందని హెచ్చరించాడు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డందుకు బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. గౌరవం ఉంటే చాలు, గొంతు కలపమని బలవంతం వద్దని మన కోర్టే చెప్పిందన్నమాట.

మధ్యాహ్నం పరకాల వెళ్లాను. అక్కడి అమరుల స్మారకం అమరధామం చూడని వరంగల్ వాళ్లు కూడా ఉన్నారంటే నాకు బాధేస్తుంది. 1947 సెప్టెంబర్ 2, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, ఇక్కడేమో నిజాం రాజ్యం. మూడు రంగుల జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం పరకాలకు వస్తే కాల్పులు జరిగాయి, 22 మంది చనిపోయారని చెబుతారు. ఆనాటి దృశ్యాలను అక్కడ శిల్పాలుగా నిలబెట్టారు. జెండా అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడం అయిన కాలం అది. దేశభక్తి అనగానే పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి ఇక్కడికి రావాలి.

అక్కడే ఒకాయన తన పిల్లలకు "తురకోళ్లు మనోళ్లను గిట్ల చంపిండ్రు" అని చెబుతుంటే ఊరుకోలేకపోయాను. అన్నా, నిజాం పక్షాన జనం మీద పడిన రజాకార్లను ఎదిరించి రాసిన షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే, మన మహబూబాబాద్ వైపు మనిషే అన్నాను. హైదరాబాద్ భారత్‌లో కలవాలని తన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌లో రాసినందుకు 1948 ఆగస్టులో చెయ్యి నరికి చంపారు ఆయన్ని. ఇటు చూస్తే 1946లో కడవెండిలో దొరను ఎదిరించిన దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన గూండాలు ఆ దొర, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దేశ్‌ముఖ్ హిందువే. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, షోయబుల్లా పేరు మళ్లీ అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు.

సాయంత్రానికి హన్మకొండ చేరాను. వరంగల్ కోట అంతకుముందు చూసిందే, అయినా మళ్లీ వెళ్లాను. కాకతీయుల తోరణాలకు కొద్ది దూరంలోనే, తర్వాతి సుల్తానుల కాలం నాటి ఖుష్ మహల్. మన రాష్ట్ర చిహ్నంలో తోరణమూ చార్మినారూ కలిసే ఉన్నాయి. కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, ఆయన పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో. ఆయన పెరిగిన మడికొండ ఆయన్ని పరాయివాడు అనుకుని ఉంటే మనకు కాళోజీ ఉండేవాడా?

రాత్రి భోజనాల దగ్గర హన్మకొండ మిత్రుడు, 1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 సంగతి ఎత్తాడు. విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని ప్రతి ఏడూ ఇదే తగువు. ఏ పేరైనా పెట్టుకోండి, జెండా ఎగరేయండి, నేనూ వస్తానన్నాను. కానీ రజాకార్ల గురించి చెప్పే నోటితోనే షోయబుల్లా గురించి చెప్పాలి, హైదరాబాద్‌ను కలుపుకోవడానికి భారత సైన్యం చేసిన పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో చనిపోయిన ముస్లింల గురించీ చెప్పాలి. మొత్తం మీద 27 నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది, ఆ కమిటీని పంపింది మన ప్రభుత్వమే.

అవన్నీ మాట్లాడితే జనం లేచిపోతారన్నాడు మిత్రుడు. కొందరు లేచిపోతారు, నిజమే, మిగిలినవాళ్లకే చెబుదాం అన్నాను. ఈసారి సెప్టెంబర్ 2న పిల్లల్ని తీసుకుని పరకాలకు తనూ వస్తానన్నాడు. షోయబుల్లా కథ వాళ్లకు ముందే చెప్పి తీసుకురమ్మన్నాను.