గిరి ప్రదక్షిణలో నేను ఆగని చోటు

నిన్న ఇల్లు చేరాను. పాదాల వాపు తగ్గలేదు గానీ మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నా. అమ్మకి మోకాలి ఆపరేషన్ బాగా జరిగి తన కాళ్ళ మీద తను నడిస్తే విశాఖలోని సింహాచలం కొండ మీది నరసింహస్వామికి, మా సింహాద్రి అప్పన్నకి, ఆ కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నా. అమ్మ నడుస్తోంది. అందుకే ఆషాఢ చతుర్దశినాడు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి వదినా నేనూ చెప్పుల్లేకుండా బయల్దేరాం, 32 కిలోమీటర్లు.

అడవివరం నుంచి హనుమంతవాక దాకా జనమే జనం. సెల్ఫీ కోసం నడిరోడ్డు మీద ఆగిపోయేవాళ్ళు, చెవి పక్కనే బూరలు ఊదే కుర్రాళ్ళు, భక్తి కన్నా చిరాకే ఎక్కువొచ్చింది. అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగాక మాత్రం ఏదో అయింది. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతోంది, చుట్టూ అందరూ గోవిందా అంటున్నారు, అందులో నా గొంతు ఏదో నాకే తెలీలేదు. పక్కనున్న ముసలమ్మా నేనూ వేరు కాదనిపించింది, ఊరికే అనిపించడం కాదు, నిజంగానే. ఏడుపొచ్చేసింది. పదేళ్ళ నుంచి ధ్యానం చేస్తున్నా, ఆ స్థితి ఎప్పుడూ అందలేదు.

అరగంట తర్వాత, ఇసుకతోట దాటాక, ఒక పెద్దాయన ఫుట్‌పాత్ మీద పిక్క పట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూసి "అమ్మా" అన్నాడు. సంచిలో అమ్మ పెట్టిన ఓఆర్ఎస్ ప్యాకెట్లున్నాయి. ఆగితే ఆ ఆనందం చెదిరిపోతుందని భయమేసింది, అంతే, ఎవరో ఒకరు చూస్తార్లే అనుకుని వెళ్ళిపోయాను. వదిన వెనకబడింది, లేకపోతే తనైనా ఆగేది.

మాధవధార దగ్గర నా అరికాలి బొబ్బ పగిలింది. రోడ్డు మీద మజ్జిగ గ్లాసులు ఊడుస్తున్న ఒకావిడ చీపురు పక్కన పడేసి "కూకో తల్లీ" అంది. కాలు తన ఒళ్ళో పెట్టుకుని, ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కొంగు అంచుతో తీసి, నీళ్ళు పోసి, గుడ్డ చింపి కట్టింది. ప్రదక్షిణ చేశారా ఎప్పుడైనా అంటే నవ్వింది, "ఈ రేత్రి ఎప్పుడూ డ్యూటీయే కదమ్మా." డబ్బులిస్తే తీసుకోలేదు.

మా ధ్యానం క్లాసులో చైతన్యం పెరిగితే మంచితనం దానంతటదే వస్తుందంటారు, నేనూ నమ్మాను. హిరణ్యకశిపుడి తపస్సు తక్కువా? బ్రహ్మనే దింపాడు, ఇంటికొచ్చి కన్నకొడుకుని సముద్రంలో తోయించి మీద కొండ పెట్టించాడు. ఆ కొండ చుట్టూనే కదా నేను తిరిగొచ్చింది! సైకాలజీ చదువుతున్న మా మేనకోడలైతే ఇంకోటి చెప్పింది. 1973లో అచ్చయిన ప్రిన్స్‌టన్ ప్రయోగంలో 40 మంది మతబోధ విద్యార్థుల్ని పక్క బిల్డింగ్‌కి పంపారు, కొందరు అక్కడ మంచి సమరయుడి కథ మీదే మాట్లాడాలి, అదే, దారిలో దెబ్బలతో పడున్నవాడి కోసం ఆగిన మనిషి గురించి బైబిల్లో ఉండే కథ. దారిలో ఒకడు దగ్గుతూ కూలబడి ఉంటే, తీరిగ్గా వెళ్ళినవాళ్ళలో 63 శాతం సాయం చేశారట, తొందరలో ఉన్నవాళ్ళలో పది శాతమేనట. నాకు తొందర కూడా లేదు, అదీ నా బాధ.

పున్నమి పొద్దున దర్శనం. తోపులాటలో వెనకావిడ మోచెయ్యి వీపులో దిగుతుంటే, చందనం ముద్దలో స్వామి రెండు సెకన్లు కనపడ్డాడు. క్షమించమని అడుగుదామనుకున్నా, "అమ్మ నడుస్తోంది స్వామీ" అని మాత్రం వచ్చింది, ఈలోపే పక్కకి నెట్టేశారు. గుళ్ళో భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభానికి దూరం నుంచే దండం.

ఇంటికొచ్చాక అమ్మే, కర్ర లేకుండా నడుచుకుంటూ వచ్చి, నా సంచి ఖాళీ చేసింది. మూడు ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. "ఇవెందుకు మిగిల్చావే, ఎవరికైనా ఇవ్వకపోయావా?" అంది.

కాలు నొప్పిగా ఉందని చెప్పి అటు తిరిగి పడుకున్నా.