పాతపట్నం విదేశమా? ఆన్‌లైన్‌లో మాక్రో ఎకనామిక్స్ చదివిన నా అనుభవం

నిన్న సాయంత్రం ఫలితం వచ్చింది. ఎప్పుడో మధ్యలో ఆపేసిన బి.ఏ.ను దూరవిద్యలో మళ్ళీ మొదలుపెట్టిన నేను, కావలసిన క్రెడిట్ల కోసం ఆన్‌లైన్‌లో తీసుకున్న మాక్రో ఎకనామిక్స్ (దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థను చదివే శాస్త్రం) ప్రాథమిక కోర్సులో మంచి మార్కులతోనే గట్టెక్కాను. సంతోషంగానే ఉన్నా, మధ్యలో జరిగిన ఒక సంగతి మీద కోపం ఇంకా చల్లారలేదు కనుక, ఇదే దారిలో చదవాలనుకునే ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువారికి పనికివస్తుందని ఇప్పుడే రాసి పెడుతున్నాను. నేను పర్లాకిమిడిలో ఒక టోకు బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను.

పేరు నమోదు పెద్ద పనేమీ కాదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఆధార్‌లో ఉన్నట్లే ఇవ్వండి, ఆ పనిని మాత్రం నెట్ సెంటరు కుర్రాళ్లకు వదిలేయకండి, ఎందుకంటే వాళ్ల తొందర వాళ్లది, తరువాత తిరిగే తిరుగుడు మనది. వీడియో పాఠాలు ఇంగ్లీషులోనే ఉన్నా నిదానంగా చెప్పారు, రెండోసారి వింటే అర్థమయ్యాయి. ఈ శాస్త్రానికి పునాది వేసిన ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ గ్రంథం 1936 ఫిబ్రవరిలో వెలువడిందట. అదే సంవత్సరం ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్తగా ఏర్పడిన ఒడిశాలోకి వచ్చింది కాబట్టి, ఆ సంవత్సరాన్ని నేను కంఠస్థం చేయవలసిన అవసరం లేకపోయింది. ద్రవ్యోల్బణం (ధరల పెరుగుదల), రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ) పాఠాలు బ్యాంకులో ఓడీ (ఉన్న డబ్బుకు మించి వాడుకునే) ఖాతా నడిపే కొట్టులో పని చేసేవాడికి కొత్త కావు. రిజర్వు బ్యాంకుకు ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాలో నిలపాలన్న లక్ష్యం చట్టపరంగా 2016 నుంచే ఉందన్నది మాత్రం ఇక్కడే తెలుసుకున్నాను. గుణకం, అంటే కొత్తగా పెట్టిన ఒక రూపాయి ఖర్చు చేతులు మారి చివరికి ఎన్ని రూపాయల ఆదాయం అవుతుందన్న లెక్క, కూడా చిటికెలో తేలింది: చేతికొచ్చిన ప్రతి అదనపు రూపాయిలో 80 పైసలు ఖర్చు పెట్టేవాళ్లుంటే గుణకం 5 అవుతుంది, పన్నులూ దిగుమతులూ లెక్కలోకి తెస్తే అది తగ్గుతుంది.

ఆ దిగుమతులే నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాయి.

జాతీయాదాయం పాఠంలో జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ, కట్టే సూత్రం చెబుతారు. వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, ఎగుమతులు అన్నీ కలిపి, అందులోంచి దిగుమతులు తీసివేయాలి. ఆ వారం క్విజ్‌లో ‘దిగుమతులు పెరిగితే జీడీపీ ఆ మేరకు తగ్గుతుంది’ అన్న వాక్యం ఒప్పా తప్పా అని అడిగారు. నేను తప్పు అని గుర్తించాను, సమాధానాల పట్టికలో ఒప్పు అని ఉంది. అంతకుముందే నాకు ఇంకో సందేహం ఉండటంతో, రెండూ కలిపి అడుగుదామని శనివారం రాత్రి జరిగే సందేహాల క్లాసుకు కొట్టు మూసేశాక గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాను. మా షావుకారు గారి అబ్బాయి కూడా వింటానంటూ స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

మా ఊరికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య ఉన్నది ఒక సరిహద్దు గీత మాత్రమే. అక్కడి వ్యాపారి దగ్గర మేము సరుకు తెస్తాం, అక్కడి జనం మా దగ్గర పెళ్ళిబట్టలు కొంటారు. దేశం మొత్తానికి ఇది దిగుమతీ కాదు, ఎగుమతీ కాదు. మరి ఒడిశా రాష్ట్ర ఉత్పత్తి లెక్కలో ఈ రాకపోకలను ఎక్కడ చూపిస్తారన్నది నా ప్రశ్న. దాన్ని ఇంగ్లీషులో నాలుగు ముక్కలుగా కూడబలుక్కుని రాసి పంపాను. పాఠం చెప్పే ఆయన దాన్ని పైకి చదివి, నవ్వి, “పాతపట్నం ఏ దేశంలో ఉందండీ? ముందు భారతదేశ పటం తెచ్చుకుని చూడండి” అన్నారు. తెర మీద నవ్వు బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వరుసగా పైకి లేచాయి. నేను మైకు తెరిచి చెప్పబోతే, సమయం లేదంటూ నా గొంతు మూసేసి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. షావుకారు గారి అబ్బాయి తల దించుకుని, కాసేపటికి, “పోనీలే బాబాయ్, ఆయనకి మన ఊరు తెలీదు కదా” అన్నాడు. ఆ ఓదార్పు నాకు నవ్వుల కంటే ఎక్కువ బాధ కలిగించింది. తెలియని ఊరు పేరు వినబడితే ఎక్కడుందని అడగడం చదువుకున్నవారి లక్షణం. పటం చూసుకోమనడం ఏ లక్షణమో వారే చెప్పాలి.

ఆ రాత్రి నేను చిట్టా పుస్తకంలో వెనక పేజీ తీసి, మాకు తెలిసిన సరుకుతోనే లెక్క వేశాను. సూరత్ చీర ఒకటి మాకు 600 రూపాయలకు వస్తే 800కు అమ్ముతామనుకుందాం. కొన్నవారి వినియోగంలో 800 మొత్తం నమోదవుతుంది. దేశం లెక్కలో ఆ 800 ఉత్పత్తే, ఎందుకంటే చీర దేశంలోనే తయారయింది. ఒడిశా లెక్కలో మాత్రం మా కొట్టు కలిపిన విలువ 200 రూపాయలే, అందులోనూ కరెంటు బిల్లు, లారీ కిరాయి వంటివి తీసివేయాలి. మిగిలిన 600 బయట రాష్ట్రాల కష్టం. ఇప్పుడు అదే చీర విదేశం నుంచి వచ్చిందనుకోండి. వినియోగంలో 800 చేరుతుంది, దిగుమతుల కింద 600 పోతుంది, దేశానికి మిగిలేది 200. అంటే దిగుమతిని తీసివేయడం ఇక్కడి ఉత్పత్తిని తగ్గించడానికి కాదు, వినియోగంలో అప్పటికే చేరిపోయిన పరాయి ఉత్పత్తిని బయటికి తీయడానికి. ఒక పక్క కలిపిన 600ను ఇంకో పక్క తీసేస్తున్నప్పుడు, దిగుమతి వల్ల ‘ఆ మేరకు’ జీడీపీ తగ్గడమనే మాటే నిలబడదు. ఇక్కడ తయారైన చీర కొనడం మానేసి విదేశీ చీర కొంటే ఇక్కడి ఉత్పత్తి తగ్గవచ్చు, కానీ అది వేరే సంగతి, క్విజ్‌లో అడిగింది అది కాదు.

క్లాసులో అడిగిన పాతపట్నం ప్రశ్న కూడా వెర్రి ప్రశ్న కాదని వెతికితే తెలిసింది. మన దేశంలో రాష్ట్రాల స్థూల ఉత్పత్తిని ఎవరెంత ఖర్చు పెట్టారన్న వైపు నుంచి కాక, ఏ రంగం ఎంత విలువ కలిపిందన్న వైపు నుంచి కడతారు. రాష్ట్రాల మధ్య ఏ సరుకు ఎంత కదిలిందో పూర్తి లెక్క దొరకకపోవడమే అందుకు ముఖ్య కారణం. కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వే పన్నుల వివరాల ఆధారంగా ఈ అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని అంచనా వేసి, అది జీడీపీలో కనీసం 54 శాతం ఉంటుందని చెప్పింది. జీఎస్టీ వచ్చాక మేము పాతపట్నం వ్యాపారికి పంపే మూటకు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద వేసే జీఎస్టీ) బిల్లు రాస్తాం కాబట్టి అది గీత దాటినట్లు నమోదవుతుంది. అదే అక్కడి నుంచి ఒకావిడ స్వయంగా కొట్టుకు వచ్చి, డబ్బిచ్చి, చీర సంచిలో వేసుకుని ఆటో ఎక్కితే, మా బిల్లులో అది ఒడిశాలో జరిగిన అమ్మకమే. నన్ను పటం చూడమన్నవారు ఈ బిల్లు పుస్తకం ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

చీర లెక్కతో సహా ఇదంతా ఒక ఉత్తరంగా రాసి కోర్సు నిర్వాహకులకు ఈమెయిలు చేశాను. జవాబు రాలేదు. కొన్నాళ్ళకు చూస్తే ఆ క్విజ్‌లో నా మార్కు పెరిగి ఉంది, సమాధానాల పట్టికలో ఒప్పు కాస్తా తప్పుగా మారింది. వివరణ లేదు, క్షమాపణ అంతకన్నా లేదు. మా వీధిలో బి.కాం. చదివే పిల్లలు ఇప్పుడు ఈ పాఠానికి నా దగ్గరికే వస్తున్నారని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆ తరువాత వచ్చిన ఐఎస్-ఎల్ఎం గీతలు (వడ్డీరేటుకూ జాతీయాదాయానికీ ఉన్న సంబంధం చూపేవి) గీసిన కొద్దీ అలవాటయ్యాయి. పరీక్ష బరంపురంలో పడితే ముందు రోజే బస్సులో వెళ్ళి చుట్టాలింట్లో ఉన్నాను; కంప్యూటరు మీద రాసే పరీక్షే కనుక చేతిరాత భయం కూడా లేదు. చదవబోయేవాళ్ళు మార్కెట్లో అమ్మే గైడ్లకు డబ్బు తగలేయకుండా, జాతీయాదాయం లెక్కలను మీ వ్యాపారంలోని సరుకుతోనే కట్టి చూసుకోండి. సందేహాన్ని మాత్రం నలుగురున్న క్లాసులో అడగకుండా అంకెలతో ఉత్తరంగా రాసి, తేదీతో సహా ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వచ్చే విడతలో నేను మైక్రో ఎకనామిక్స్ తీసుకుంటున్నాను, అయితే సందేహాల క్లాసు ఎవరు తీసుకుంటారో కనుక్కున్నాకే డబ్బు కడతాను.