చెరువు గట్టు మీద మా బోర్డు

లిఫ్టులు, ఆస్పత్రి పరికరాలు, రైస్ మిల్లులు... ఎవరికి ఏ కంట్రోల్ బోర్డు (యంత్రాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) కావాలన్నా డిజైన్ చేసిచ్చే కంపెనీ మాది. అన్నింట్లోకీ నన్ను ముప్పుతిప్పలు పెట్టింది మాత్రం భీమవరం దగ్గర రొయ్యల చెరువుకి పెట్టిన బోర్డే.

చూడ్డానికి పని చిన్నదే. నీటిలో ఆక్సిజన్ 4 పీపీఎం (అంటే లీటరుకి 4 మిల్లీగ్రాముల) దగ్గరికి పడితే, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ చేయాలి. ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రయ్యాక తిరిగి దాన్ని పీల్చేస్తుంది. అందుకే గండమంతా తెల్లవారుజామునే. కరెంటు పోయేదీ సరిగ్గా అప్పుడే, ఏం పగో మరి!

ఏసీ ల్యాబులో బుద్ధిగా నడిచిన బోర్డుకి అక్కడి ఉప్పుగాలి పడలేదు. కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము. ఏరియేటర్ మోటారు ఆన్ అయినప్పుడల్లా బోర్డు రీసెట్. సెన్సార్ మీద పాకుడు పట్టి రీడింగులు అడ్డదిడ్డం. తేమ, ఉప్పు తగలకుండా బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ అనే పల్చటి పూత వేశాం, సెన్సార్ వైర్లను మోటారు వైర్లకి దూరంగా లాగాం, ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుంటే దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా వాచ్‌డాగ్ టైమర్ పెట్టాం. పాకుడు మాత్రం బ్రష్‌తో తోముకోవాల్సిందే, దానికి కోడ్ లేదు.

ముచ్చటపడి చేసిన యాప్ చూపిస్తే రైతు నవ్వేశారు. "పడుకున్నాక యాప్ ఎవరు చూస్తారండీ? ఫోన్ మోగాలండీ, లేపాలండీ నన్ను!"

బోర్డులో సిమ్ వేసి, ఆక్సిజన్ పడితే ఆయనకి ఫోన్ కాల్ వచ్చేలా చేశాం. యాప్‌ని ఆయన ఇంతవరకూ తెరవలేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ వాళ్లు కూడా ఆ ఫోన్ కాలే కావాలంటున్నారు.