చాటువు చెప్పేముందు గణాలు కట్టి చూడండి

శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి, అక్కడి తిండీ నీళ్ళూ పడక విసిగిపోయి చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువు (సందర్భాన్ని బట్టి ఆశువుగా చెప్పిన విడి పద్యం) ఇది:

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జ జొన్న కూళ్ళు సర్పంబులును తేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

నోటినుంచి నోటికి వచ్చిన పద్యం కదా, మాటలు జారిపోతుంటాయి. సరైన పాఠం తేల్చుకోవాలంటే గణవిభజన చెయ్యాలి, అంటే పాదాన్ని గురులఘువుల గుంపులుగా విడగొట్టాలి. ఇది ఆటవెలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద.

మూడో పాదం విడగొట్టండి. సజ్జ, జొన్న, కూళ్ళు మూడూ హగణాలు (గురువు, లఘువు), అంటే సూర్యగణాలు. ‘సర్పంబు’ తగణం, ‘లును తేళ్ళు’ సలం; రెండూ ఇంద్రగణాలే. స–స యతి కుదిరింది. ‘సర్పంబులును’ పాతమాటలా ఉందని ‘పాములు తేళ్ళు’ అన్నారనుకోండి, ఐదోచోట ఇంద్రగణానికి బదులు హగణం మిగులుతుంది. సకు పాతో యతీ చెల్లదు. ‘కూళ్ళు’ను ‘కూడు’ చేస్తే మాత్రం గణం చెడదు. అక్కడ పోయేది ‘ళ్ళు’ మోత. ఈ పద్యానికి ప్రాణమే ఆ మోత! అందుకే గణాలు సరిపోయాక ఒకసారి పైకి చదువుకోవాలి.

ఇంతా చేస్తే తేలేది పాఠమే, కర్త కాదు. పల్నాటి ఏరైన నాగులేరు పద్యంలో ఉంది గనక చోటు పల్నాడే. కవి పేరు పద్యంలో ఎక్కడా లేదు. ‘శ్రీనాథుడిదిగా చెబుతారు’ అనడమే న్యాయం.

రాయల కొలువు కథలకు గణాలు చాలవు, తేదీలు కావాలి. కృష్ణదేవరాయల పాలన 1509–1529. రామరాజభూషణుడి వసుచరిత్ర కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నది తిరుమలరాయలు. ఆయన పట్టానికి వచ్చింది 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత. రాయల ఎదుట వసుచరిత్ర చదివించే కథ ఇక్కడే కూలిపోతుంది.

పెద్దన పేరిట వినిపించే ‘ఎదురైనచో’ సీసపద్యంలో మరో చిక్కు. ఏనుగును ఆపి, చేయూతనిచ్చి ఎక్కించుకున్నాడన్న మొదటి మాటలు వినగానే రాయల ఎదుట చేసిన పొగడ్త అనుకుని కొందరు రాయల సాహిత్యసభ భువనవిజయంలో చెప్పించేస్తారు. చివరిదాకా చదవండి: రాయలతో పాటు దివికి పోలేక జీవచ్ఛవంలా బతికి ఉన్నానంటున్నాడు. అప్పటికి రాయలు లేడు.