ట్రయల్ దొరికింది, ఇక దూరం సంగతి

అమ్మకు హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్, అంటే కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం. కాలేయానికి కూడా పాకింది. వాడుతున్న మందు పనిచేయడం మానేశాక, మా డాక్టరుగారే క్లినికల్ ట్రయల్ మాట ఎత్తారు, అంటే కొత్త మందు ఎలా పనిచేస్తుందో రోగులకు ఇచ్చి చూసే పరిశోధన. అయితే అది ఆయన ఆసుపత్రిలో లేదు, దూరాన ఉన్న పెద్ద సెంటర్లలో వెతకాలి. కీమో అయిన వారం మంచం దిగడానికే ఓపిక ఉండని మనిషిని అంత దూరం ఎలా తిప్పాలి? ట్రయల్ అంటే అమ్మకు భయం లేకపోలేదు గానీ, ప్రయాణమంటేనే ఎక్కువ బెంగ.

ట్రయల్స్ వివరాలుండే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొట్టి, రోగులను ఇంకా చేర్చుకుంటున్నవి మాత్రమే చూశాను. ఒక్కో ట్రయల్ కింద అది జరిగే ఆసుపత్రులన్నీ ఉంటాయి. చేర్చుకుంటున్నాం అని ఉన్నచోట కూడా ఫోన్ చేస్తే ఖాళీలు అయిపోయి ఉండవచ్చు, కాబట్టి అక్కడ ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌తో మాట్లాడేదాకా ఏదీ ఖాయం కాదు.

మందు గురించి అడిగే ముందే నేను విజిట్ షెడ్యూల్ అడిగాను. ఏ పరీక్ష ఏ రోజున చేయాలో చూపించే పట్టిక అది, ప్రతి ట్రయల్ ప్రోటోకాల్‌లోనూ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం) ఉంటుంది. ఒక సెంటర్‌వాళ్లు అన్నీ తమ దగ్గరే జరగాలని ఒక్క మాటలో తేల్చేశారు. ఇంకో సెంటర్ కోఆర్డినేటర్ పట్టిక ముందు పెట్టుకుని ఫోన్లోనే నాతో వరసగా చూసింది. 21 రోజులకోసారి ఎక్కించే మందుకు మాత్రం అక్కడికి వెళ్లక తప్పదు. నడుమ చేసే రక్తపరీక్షలు, గుండె ఎకో మా ఊళ్లో చేయించుకోవచ్చు. అందుకు మా ల్యాబ్ గుర్తింపు పత్రమూ, వాళ్ల నార్మల్ విలువల పట్టికా ముందుగా పంపాలి. ఆ కాగితాల కోసం ల్యాబ్ చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడు నాది, అమ్మది కాదు. నాకు కావలసింది అదే.

స్కాన్ దగ్గర పేచీ వచ్చింది. గడ్డల కొలతలు కలిపి 30 శాతం తగ్గితే మందు పనిచేసినట్టు, 20 శాతం పెరిగితే జబ్బు ముదిరినట్టు లెక్క. మొదటి స్కాన్ ఒక తీరున, తర్వాతది ఇంకో తీరున తీస్తే ఆ కొలతలు పోల్చలేరు. మా ఊరి సీటీలో ఒక్కో స్లైస్ (స్కాన్‌లో కనిపించే పొర) మందం 5 మిల్లీమీటర్లు మించకుండా తీయగలరా అని అడిగారు. తీయగలమని మా రేడియాలజిస్టు రాసిచ్చాక గానీ ఒప్పుకోలేదు.

ట్రయల్‌కు అమ్మ సరిపోతుందో లేదో చూసే స్క్రీనింగ్‌కు 28 రోజుల గడువు. ఆలోపు పాత బయాప్సీ బ్లాకు, అంటే గడ్డ నుంచి తీసి మైనంలో భద్రపరిచిన ముక్క, ట్రయల్ వాళ్ల సెంట్రల్ ల్యాబ్‌కు చేరాలి. ఎవరైనా ట్రయల్ వెతకడం మొదలుపెడితే, ఆ బ్లాకు ఏ ల్యాబ్‌లో ఉందో ఆ రోజే కనుక్కోండి. మాకు అన్నిటికన్నా ఆలస్యమైంది దానికే.

సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే అమ్మ ఒక్కటే అడిగింది: "ఉత్తుత్తి మందు ఎక్కిస్తారా బాబూ?" లేదమ్మా, ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు ఇప్పుడు అందరికీ ఇస్తున్న మంచి మందు, ఎవరికి ఏదన్నది కంప్యూటర్ తీస్తుందని డాక్టరు చెప్పారు. ఎప్పుడైనా తప్పుకోవచ్చని, అందువల్ల మామూలు వైద్యానికి ఏ లోటూ రాదని కూడా చెప్పారు. అమ్మకు కొత్త మందు రాలేదు, ఇప్పుడు అందరికీ ఇస్తున్న మందు గుంపు వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మే నా వీపు నిమిరి, "ఇదీ మందేగా, ఇన్ని కళ్లు నన్ను చూస్తున్నాయిగా" అంది.

ఆ కళ్లు పనికొచ్చాయి. ఒక రాత్రి జ్వరం ముంచుకొచ్చింది. ట్రయల్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చే కార్డు ఊరి ఆసుపత్రిలో చూపించాను. డ్యూటీ డాక్టరు దాని మీది నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాకే మందులు మొదలుపెట్టారు. తెల్ల రక్తకణాలు పడిపోయాయట. ఆసుపత్రిలో చేరడాన్ని ట్రయల్‌లో తీవ్రమైన ప్రతికూల సంఘటనగా నమోదు చేయాలి. ఆ కాగితాలన్నీ మా డాక్టరుగారే నింపి పంపారు, విసుక్కోకుండా.

ఎక్కించే మందు కూడా ఊళ్లోనే ఇచ్చేలా మా డాక్టరుగారిని సహ పరిశోధకుడిగా చేర్చమని ఇప్పుడు అడుగుతున్నాం. ఆయన శిక్షణ పత్రాలు వెళ్లాయి, ట్రయల్‌లో రోగుల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ చూడాలి. అమ్మ తర్వాతి స్కాన్ మాత్రం ఇక్కడే.