చెరువు గాలం ఉప్పు కాలువకు పోతే

వరంగల్, కరీంనగర్ దిక్కు గాలం వేసేవాళ్లలో చాలామందికి ఏడాదికి ఒక్కసారైనా కోస్తాకు పోవాలని ఉంటుంది. కాజీపేటలో రైలెక్కితే విజయవాడ, అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్ల దాకా పోతే మచిలీపట్నం. ఆ చుట్టుపక్కలంతా ఉప్పునీటిలో పెరిగే మడచెట్లు, వాటి మధ్య ఉప్పు కాలువలు. ఆశంతా ఆ కాలువల్లో దొరికే పండుగప్ప చేప మీదే. సామాను మాత్రం ధర్మసాగర్, లోయర్ మానేరు లాంటి మంచినీటి చెరువుల్లో వాడిందే సంచిలో వేసుకుని బయల్దేరుతారు. అదంతా పనికిరాదని కాదు. రాడ్ పనికొస్తుంది, రీలు కూడా చాలావరకు పనికొస్తుంది. మోసం చేసేవి చిన్న చిన్నవి: గాలం ముల్లు, దారం చివరి రెండు మూరలు, లూరుకు (చేపలా కనిపించే బొమ్మ ఎరకు) ఉన్న రింగులు, పడవ లంగరు. కొత్త రాడ్‌కు పైసలు పెట్టే ముందు వీటిని మార్చాలి.

సామాను కన్నా ముందు నీళ్ల ముచ్చట. చెరువులో నీళ్లు నిలబడి ఉంటాయి, చేప తిరుగుతుంది. ఉప్పు కాలువలో నీళ్లు తిరుగుతాయి, చేప ఒకచోట కాపు కాస్తుంది. రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు పొద్దున 6 గంటలకు నీరు నిండితే, రేపు 6:50 ప్రాంతంలో నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర నీటికి ఊపు ఉండదు. కాబట్టి టికెట్ తీయాల్సింది ఆదివారం చూసి కాదు, తిథి చూసి. అట్లని అమావాస్య నాడే పోవాల్సిన పని లేదు. ఆ రోజుల్లో నీరు మరీ ఉరుకుతుంది, బురద లేస్తుంది, 15 గ్రాముల సీసం అడుగున నిలవదు. మూడు నాలుగు రోజులు ఆగి పోవడమే మేలు. ఇంకొకటి: ఫోన్‌లో కనిపించే పోటు వేళలు రేవువి. కాలువలో లోపలికి పోయేకొద్దీ అదే పోటు ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆలస్యమో ఆ ఊరి పడవవాళ్లనే అడగాలి.

పాటు నీరు దిగుతున్నప్పుడు మడచెట్ల వేళ్ల మధ్య ఉన్న రొయ్యపిల్లలు, చిన్న చేపలు పిల్లకాలువల్లోంచి పెద్దకాలువలోకి రాక తప్పదు. పండుగప్ప సరిగ్గా ఆ రెండు కాలువలు కలిసే మూల దగ్గర, నీటి తాకిడి తగలని పక్కన నిలబడుతుంది. పాటు రెండో సగంలో గాలం వేయాల్సింది అక్కడ. నీరు ఎక్కుతున్నప్పుడు చేప మళ్లీ వేళ్లలోకి పోతుంది, గాలం కూడా చెట్ల అంచుకు మారాలి. నీరు ఎటూ కదలని అరగంటలో కాటు దాదాపు ఆగిపోతుంది. చాయ తాగడానికి అదే మంచి సమయం.

ఇక దారం. 4000 సైజు రీలులో పీఈ 2 (దారం లావు నంబరు) బ్రెయిడ్, అంటే అల్లిన దారం, 150 మీటర్లు ఉంటే చాలు. మామూలు నైలాన్ దారమైతే 0.40 మిల్లీమీటర్లది. కొర్రమట్టకు ఈ దారానికే ముల్లు కట్టేవాళ్లున్నారు. ఇక్కడ అట్లా కడితే మొదటి పెద్ద చేపకే తెగుతుంది, దానికి కారణం బరువు కాదు, రాపిడి. పండుగప్ప నోరు ఆకురాయి లాగా గరుకు, మొప్పల మీది రేకు అంచు కత్తికి తీసిపోదు. అవి చాలవన్నట్టు మడవేళ్ల నిండా ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి. అందుకే చివర 0.60 నుంచి 0.70 మిల్లీమీటర్ల నైలాన్ దారం మీటరు, మీటరున్నర కలపాలి. బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, లావు దారం వైపు మూడు నాలుగు చుట్లు తిప్పి డబుల్ యూని ముడి వేస్తే సరిపోతుంది. ముడి బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. స్టీలు తీగ అక్కర్లేదు, దాంతో కాట్లు తగ్గుతాయి. ప్రతి చేప తర్వాత గోరుతో దారం చివరి మూర తడిమి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్లీ కట్టాలి, బద్ధకిస్తే పోయేది పెద్ద చేపే.

డ్రాగ్, అంటే చేప లాగితే దారం ఎంత బిగువు మీద జారాలో పెట్టే రీలు బ్రేకు, చేతి అంచనాతో పెట్టవద్దు. దారాన్ని రాడ్ మీదుగా స్ప్రింగు కాటాకు కట్టి లాగి చూడాలి. దారం బలంలో పావు నుంచి మూడో వంతు దగ్గర జారాలి, అంటే 13 కిలోల దారానికి మూడున్నర, నాలుగు కిలోల దగ్గర. వదులుగా ఉంటే చేప వేళ్లలో దూరుతుంది, బిగువుగా ఉంటే ముల్లు వంగుతుంది. కొర్రమట్ట కోసం కొన్న లూర్లకు ఉండే పల్చటి మూడు కొసల ముళ్లు, రింగులు నిటారు అయ్యేది ఇక్కడే. వాటిని తీసేసి ఉప్పునీటి కోసం తగరం పూసిన గట్టి ముళ్లు వేసుకోవాలి. విడిగా వాడే ముల్లు 4/0 లేదా 5/0 సైజుది. చెరువులో వాడే గోధుమరంగు ముళ్లను ఒకసారి ఉప్పునీట తడిపాక దాచిపెట్టుకోవడం దండగ.

ఎర్రలు, పిండిముద్దలు ఇంట్లోనే వదిలేయండి. చెరువు నుంచి పట్టుకుపోయిన చిన్న చేపలు ఉప్పునీటిలో ఎక్కువసేపు బతకవు. ఎరకు బతికున్న రొయ్యను మించింది లేదు. 10 లీటర్ల బకెట్‌లో పది పన్నెండు, బ్యాటరీతో నడిచే గాలిమోటరు, నీళ్లు అదే కాలువవి. నల్లా నీళ్లు కలిపితే ఉప్పు తగ్గిపోతుంది, క్లోరిన్ ఉంటే ఇంకా తొందరగా చస్తాయి. ముల్లును రొయ్య తల మీది కొమ్ము కింద అడ్డంగా గుచ్చాలి. లోపల నల్లటి మచ్చ కనిపిస్తుంది, దానికి తగిలితే రొయ్య అక్కడే చస్తుంది.

పడవ దగ్గర కాస్త గట్టిగానే చెప్పాలి. మనవైపు వాడే పుట్టి, థర్మోకోల్ తెప్ప నిలకడ నీటికి చేసినవి. పాటు నీరు సముద్రం వైపు లాగుతుంటే తెడ్డుతో ఎదురు పోలేరు. అక్కడివాళ్ల ఫైబర్ పడవ, అక్కడి మనిషి, ఇదే పద్ధతి. సొంత పడవ ట్రాలీ మీద తీసుకుపోయేవాళ్లు కరెంటు మోటరు లెక్క చూసుకోవాలి. 12 వోల్టుల, 55 పౌండ్ల తోపుడు బలమున్న మోటరు పూర్తి వేగంతో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి గంట ప్రయాణం. చెరువులో ఇది రోజంతా వస్తుంది, ఎందుకంటే అక్కడ మోటరు ఎదురీదదు. పెట్రోలు మోటరైతే మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచాలి. బురదలో నడిపితే నీరు పీల్చే జాలీ పూడుతుంది. మోటరు వెనక నుంచి చిమ్మే నీటిధార సన్నబడగానే ఆపాలి, లేకపోతే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది.

చెరువులో రాయికి తాడు కట్టి వేస్తే అదే లంగరు. మెత్తటి బురదలో రాయి ఈడ్చుకుపోతుంది. వెడల్పు రేకుల లంగరు కావాలి, దానికి రెండు మీటర్ల గొలుసు, ఆ పైన నైలాన్ తాడు. నీటి లోతుకు ఐదు రెట్లు వదలాలి, రెండు మీటర్ల లోతుకు పది మీటర్లు. గొలుసు లేకపోతే తాడు లంగరును పైకి లేపుతుంది, రేకులు బురదలో దిగవు. ప్లాస్టిక్ తాడు నీటి మీద తేలి మోటరు ఫ్యానుకు చుట్టుకుంటుంది, వద్దు. తాడు కట్టాల్సింది ఎప్పుడూ ముందు కొసకే. వెనక కడితే ప్రవాహం పడవ వెనక భాగాన్ని కిందికి లాగి నీళ్లు నింపుతుంది.

పిల్లకాలువలోకి దూరినవాళ్లు పాటు సగం దిగేలోపే బయటపడాలి. ఆలస్యమైతే పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు ఎక్కేదాకా గంటల తరబడి ఎండలో ఉండాల్సిందే. నెట్టడానికి దిగవద్దు, నడుములోతు దిగబడతారు. గట్టి నేల ఉన్నచోట దిగినా కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి. ఇసుకలో పడుకున్న టేకు చేప (స్టింగ్‌రే) తోకలో విషపు ముల్లు ఉంటుంది, కాలు ఈడిస్తే చేప ముందే పక్కకు జరుగుతుంది. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడినీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత ఆసుపత్రికే. ముల్లు పొట్టలోనో ఛాతీలోనో దిగితే మాత్రం పీకవద్దు.

తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో సముద్ర వేట నిషేధం. కాకినాడ దగ్గరి కోరింగ, కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ అడవులు అభయారణ్యాలు. అటవీశాఖను అడగకుండా లోపలికి పోవద్దు. మన చెరువుల్లో మత్స్య సహకార సంఘాన్ని అడిగినట్టే ఇది కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, టికెట్ ఉన్నా వాతావరణ సమాచారం చూసే కదలాలి.

కడగడం వరంగల్ వచ్చాక అనుకోవద్దు. ఆ రాత్రే లాడ్జి స్నానాలగదిలో అయిపోవాలి. రీలు డ్రాగ్ బిగించి, సన్నటి ధారతో మంచినీళ్లు పోయాలి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలి బేరింగుల్లోకి పోతుంది, బకెట్‌లో ముంచితే అంతకన్నా ఘోరం. తుడిచాక డ్రాగ్ వదులు చేసి ఆరబెట్టాలి, లేకపోతే వాషర్లు తడిగానే అతుక్కుంటాయి. దారం తిరిగే చిన్న రోలరుకు ఒక చుక్క నూనె, ముందు ఆగిపోయేది అదే. రాడ్ రింగుల మొదళ్లు పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వాడిన లూర్లను విడి కవరులో పెట్టండి. కడగని ఒక్క తడి లూరు పెట్టెలోకి పోతే ఇంటికి చేరేసరికి పక్కనున్న కొత్తవాటి ముళ్లకు కూడా తుప్పు పడుతుంది.